కొత్త బూటు కరుస్తోందా? సాగదీయించాలా, వాపసు ఇచ్చేయాలా

కరుస్తున్న బూటు పట్టుకుని ఎవరి దగ్గరికైనా వెళ్లే ముందు అయిదు నిమిషాల పని ఒకటుంది. అది సాయంత్రం పూట చేయాలి. పొద్దంతా నిలబడి, తిరిగి వచ్చిన పాదం పొద్దుటి పాదం కంటే కాస్త ఉబ్బి ఉంటుంది. బూటు లోపలి మెత్తటి అట్ట ఊడొచ్చేదైతే బయటికి తీసి నేల మీద పెట్టండి. మడమను దాని వెనక అంచుకు సరిగ్గా ఆనించి, ఒంటి బరువంతా వేసి నిలబడండి. ఇప్పుడు కిందికి చూడండి. వేళ్ల ముందు ఒక సెంటీమీటరు జాగా మిగిలి, పాదం మాత్రం పక్కలకు పొంగి అంచు దాటుతోందా? అయితే వచ్చిన చిక్కు వెడల్పుతో. వేలి కొన అట్ట అంచుకు తగులుతోందా, దాన్ని దాటుతోందా? అప్పుడు చిక్కు పొడవుతో. రెండు కాళ్లకూ చూడండి. చాలామందికి ఒక పాదం ఇంకోదాని కంటే పిసరంత పెద్దదిగా ఉంటుంది, కొలత ఎప్పుడూ ఆ పెద్ద పాదానిదే.

వెడల్పు చాలని తోలు బూటును చేయి తిరిగిన పనివాడు దారికి తెస్తాడు. పొడవు చాలని బూటును ఎవరూ దారికి తేలేరు. ఈ తేడా నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో.

కొన్నేళ్ల కిందట అబిడ్స్‌లో ఒక షాపులో ఆఫీసుకని నల్ల తోలు బూట్లు కొన్నాను. వేసుకుని చూసినప్పుడే బొటనవేలు ముందు గోడకు తగులుతోంది. ఆ మాటే చెబితే, "తోలు కదా సార్, వారం రోజులు వేస్కుంటే అదే సాగుతది" అన్నారు. నమ్మాను. వారం కాదు, నెల వేసుకున్నాను. బూటు సాగలేదు, బొటనవేలి గోరు కింద నెత్తురు గట్టి నల్లబడింది, ఆ తర్వాత గోరే ఊడిపోయింది. కొత్త గోరు పూర్తిగా రావడానికి ఏడాది పట్టింది. ఆ నెల గడిచేసరికి వాపసు గడువూ దాటిపోయింది. చివరికి ఆ జోడును సాగదీయమని బస్టాపు పక్కన చెట్టు కింద కూర్చునే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన బూటులోకి చేయి పెట్టి, ముందు ముక్కు నొక్కి చూసి, తిరిగి నా చేతికిచ్చేశాడు. "పొడుగు రాదు సారూ. వెడల్పైతే జరంత వస్తది. మీకు కావాల్సింది పొడుగు" అన్నాడు. పైసా అడగలేదు. నాకు అబద్ధం చెప్పి ఒక వంద తీసుకోవడం ఆయనకు పెద్ద పని కాదు. కానీ చెప్పలేదు.

పొడవు ఎందుకు రాదో ఆయన ఆ తర్వాత నాకు వివరంగా చూపించాడు. బూటులో తోలు ఒక్కటే ఉండదు. కింద సోలు, దాని మీద గట్టి అట్ట, ముందు ముక్కులో ఆకారం చెడకుండా పెట్టే బిరుసు ముక్క, వెనక మడమ చుట్టూ ఇంకో బిరుసు ముక్క. పొడవు పెరగాలంటే ఇవన్నీ కలిసి సాగాలి. అట్ట సాగదు, సోలూ సాగదు. అదే పక్కలకైతే సోలు అంచు దాటాక ఉండేది పైతోలు, దాని లోపలి అస్తరు మాత్రమే. ఆ రెండూ సాగుతాయి. అందుకే వెడల్పులో కొన్ని మిల్లీమీటర్లు సాధ్యం. పొడవులో సైజు తేడా అంటే మాటలు కాదు. మన దగ్గర బూట్ల మీద ఉండే ఇంగ్లండు నంబర్లలో ఒక్కో సైజుకూ తేడా అంగుళంలో మూడో వంతు, అంటే ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. ఒకప్పుడు బార్లీ గింజ పొడవును లెక్కగా తీసుకుని పెట్టిన కొలత అది. అర సైజు తక్కువైనా నాలుగు మిల్లీమీటర్ల పైన తక్కువైనట్టే. అట్టనూ సోలునూ అంత పొడిగించే పనిముట్టు ఏ దుకాణంలోనూ లేదు.

మనవాళ్లకు బూట్లు ఇంత తరచుగా ఎందుకు కరుస్తాయో కూడా ఇక్కడే చెప్పాలి. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశంలో 79 చోట్ల లక్ష మందికి పైగా పాదాలను యంత్రాలతో కొలిచింది. యూరప్, అమెరికా వాళ్లతో పోలిస్తే మన పాదాలు వెడల్పని అందులో తేలింది. మనం కొనే బూట్లేమో ఎక్కువగా ఆ దేశాల నంబర్ల లెక్కనే తయారవుతాయి. ఆ సర్వే ఆధారంగా మన పాదాలకంటూ 'భా' అనే కొత్త కొలతల పద్ధతిని ప్రతిపాదించారు. అది అన్ని షాపులకూ వచ్చేదాకా మనలో చాలామందికి రెండే దారులు: వెడల్పు కోసం అక్కర్లేని పొడవు కొనుక్కోవడం, లేదా పొడవు సరిపోయిన జోడు కొని వెడల్పు తెప్పించుకోవడం. నా మటుకు నాకు రెండోదే మేలు. పొడవు ఎక్కువైన బూటులో పాదం ముందుకీ వెనక్కీ జారుతుంది, మడమ ఒరుసుకుపోతుంది, బూటు వంగే చోటు ఒకటీ వేళ్లు వంగే చోటు ఇంకొకటీ అయిపోతాయి.

ఎక్కడ కరుస్తోంది?

"బిగుతుగా ఉంది" అంటే చాలదు. చోటును బట్టి చేయాల్సిన పని మారిపోతుంది. ఒక చిట్కా ఉంది. నొప్పి పెట్టే చోట పాదానికి తడిపిన సుద్దముక్కతో గట్టిగా గుర్తు పెట్టి, మేజోడు లేకుండా బూటు తొడిగి నాలుగు అడుగులు వేయండి. విప్పి చూస్తే అస్తరు మీద ఆ గుర్తు పడి ఉంటుంది. తర్వాత తుడిస్తే పోతుంది. కుట్టే ఆయనకు ఆ గుర్తు చూపిస్తే సగం పని అయిపోయినట్టే.

గుర్తు చిటికెన వేలి పక్కన గానీ, వేళ్ల మొదట్లో పాదం బాగా వెడల్పయ్యే చోట గానీ పడితే సాగదీయించడానికి అదే సరైన కేసు. బొటనవేలి మొదట్లో ఎముక పొడుచుకొచ్చినవాళ్లకు మొత్తం బూటు వెడల్పు చేయనక్కర్లేదు, ఆ ఒక్క చోట గుంట పడేలా చేస్తే చాలు. బూటు లోపల పెట్టి సాగదీసే చెక్క అచ్చుకు, అంటే ఫర్మాకు, చిన్న బొడిపె బిగించి ఆ చోటు మాత్రమే బయటికి నెడతారు. ఇది ఇంట్లో సరిగ్గా కుదిరే పని కాదు.

పాదం పైన, లేసులు కట్టే చోట నొక్కుతుంటే వెంటనే డబ్బు ఖర్చు పెట్టకండి. ముందు లేసులు విప్పి మళ్లీ కట్టండి. నొక్కే చోట అడ్డంగా వెళ్లే లేసును ఆ ఒక్క వరస వదిలేసి, పక్కనుంచి నిలువుగా పైకి ఎక్కించండి. లోపలి అట్ట తీసేసి పల్చటిది వేయండి. చాలాసార్లు దీంతోనే తీరిపోతుంది. ఇంకా కొనకపోతే మాత్రం ఒకటి గమనించుకోండి. లేసుల రెక్కలు పూర్తిగా విడిపోయి తెరుచుకునే డెర్బీ రకం బూట్లు ఎత్తైన పాదానికి సర్దుకుంటాయి. రెక్కలు కింద కుట్టేసి ఉండే ఆక్స్‌ఫర్డ్ రకం సర్దుకోవు. షాపులో రెండూ ఒకేలా కనిపిస్తాయి.

మడమ దగ్గర ఒరుసుకుంటే? పొరపాటు ఎక్కువగా జరిగేది ఇక్కడే. మడమ మీద బొబ్బ వచ్చిందంటే బూటు బిగుతనుకుని సాగదీయమంటారు. నిజానికి చాలా సార్లు బూటు అక్కడ వదులై, అడుగు వేసినప్పుడల్లా మడమ పైకి లేచి రాసుకోవడం వల్ల బొబ్బ వస్తుంది. దాన్ని సాగదీయిస్తే ఇంకా వదులై బొబ్బ పుండవుతుంది. మడమ దగ్గర తోలు అంచు బిరుసుగా ఉంటే దాన్ని ఇనుప దిమ్మ మీద బోర్లించి సుత్తితో మెల్లగా కొట్టి మెత్తబరచమనండి. వదులైతే లోపల మెత్త అతికించమనండి. రెండూ చెట్టు కింద పది నిమిషాల్లో అయిపోయే పనులే.

వేళ్ల కొనలు ముందు తగులుతుంటే ఇంకేమీ ఆలోచించకండి. బిల్లు వెతకండి.

ఏ తోలు సాగుతుంది, ఏది సాగదు

తోలు సాగడానికి కారణం దాని అల్లిక. పచ్చితోలులోని సన్నటి పోగులు వేలకొద్దీ ఒకదాంట్లో ఒకటి అల్లుకుని ఉంటాయి. తడి తగిలినప్పుడు, కాస్త వెచ్చబడినప్పుడు ఆ పోగులు ఒకదాని మీద ఒకటి జారతాయి. అలా జారిన స్థితిలోనే ఆరితే అక్కడే నిలబడతాయి. ఒక్కసారి గట్టిగా లాగి వదిలేస్తే మాత్రం వెనక్కి వచ్చేస్తాయి. అందుకే అయిదు నిమిషాల్లో బాదిచ్చిన సాగు సాయంత్రానికి పోతుంది, రెండు రోజులు ఫర్మా మీద ఉన్న సాగు నిలుస్తుంది. సాగదీయించడంలో మనం డబ్బు ఇచ్చేది ఆ నిదానానికే.

బజారులో దొరికే ఆఫీసు బూట్లలో ఎక్కువ తోళ్లు క్రోమియం లవణాలతో పదును పెట్టినవి, అంటే పచ్చితోలు కుళ్లకుండా నిలిచేలా శుద్ధి చేసినవి. అవి మెత్తన, చెప్పినట్టు వింటాయి. కొల్హాపురీ చెప్పుల్లాంటివి చెట్ల బెరళ్లు, కాయలతో పదును పెట్టిన తోళ్లతో చేస్తారు. మన దగ్గర ఆ పనికి తరతరాలుగా వాడింది కరక్కాయ, తంగేడు చెక్క. బతుకమ్మలో పేర్చే తంగేడే. తెలంగాణ రాష్ట్ర పుష్పానికి ఇంగ్లీషులో తోళ్ల పనివాళ్ల పేరే పెట్టారంటే ఆ చెట్టు బెరడుకు ఈ పనిలో ఎంత విలువ ఉండేదో అర్థమవుతుంది. ఈ తోలు మొదట బిరుసుగా ఉండి, నెమ్మదిగా కాలి అచ్చు పడుతుంది. వేడి మాత్రం తట్టుకోదు. కొల్హాపురీ పట్టీ కరుస్తోందని వేడినీళ్లలో ముంచితే అది ముడుచుకుని చెక్కయిపోతుంది. పట్టీ లోపలి వైపు నూనె చుక్క రాసి, రోజుకు అరగంట ఇంట్లో తొడుక్కోండి, వారంలో దారికొస్తుంది. షేర్వానీ మీదికి వేసుకునే తోలు జూతీలకూ ఇదే పద్ధతి.

పైన నూగులా ఉండే స్వెడ్ తోలు బాగా సాగుతుంది కానీ తడి మచ్చ పడుతుంది, కనుక ముందే చెప్పి ఇవ్వాలి. అద్దంలా మెరిసే పేటెంట్ తోలు మీద పల్చటి పూత ఉంటుంది. కింద తోలు సాగినా పైన పూత సాగక పగులుతుంది. దాన్ని సాగదీయించవద్దని నేను గట్టిగా చెబుతాను. రెక్సిన్, ఇతర నకిలీ తోళ్లు రెండు రకాలుగా మోసం చేస్తాయి. కొన్ని రబ్బరులా సాగి మళ్లీ యథాస్థితికి వస్తాయి, కొన్ని కుట్టు దగ్గర చిరుగుతాయి. పరుగుకు వాడే వల బూట్లు, బట్ట బూట్లు అసలు సాగదీసే సరుకే కాదు. అలాంటివి వెడల్పు రకంలోనే వెతుక్కోవాలి. న్యూ బ్యాలెన్స్ లాంటి కంపెనీలు ఒకే పొడవులో 2ఈ, 4ఈ అని వెడల్పు రకాలు కూడా చేస్తాయి. ముందు ఇనుప టోపీ ఉండే ఫ్యాక్టరీ బూట్లకు ఆ టోపీ ఉన్న మేర ఏమీ చేయలేరు.

మీది తోలో కాదో తేలకపోతే లేసు కింద నాలుక అంచు చూడండి. కోసిన అంచులో పీచుపీచుగా కనిపిస్తే తోలు. గుడ్డ మీద ప్లాస్టిక్ పొర కనిపిస్తే కాదు.

ఉన్న దారులు, వాటి మీద నా మాట

మొట్టమొదటిది మార్చుకోవడం. వాపసు గడువు ఇంకా ఉంటే, బూటు వీధిలో వేసుకుని తిరగకపోతే, మిగతా దారులన్నిటి కంటే ముందు దీన్నే చూడండి. సాగదీయించిన జోడును ఏ షాపూ, ఏ ఆన్‌లైన్ కంపెనీ వెనక్కి తీసుకోదు. ఫర్మా ఎక్కించే నిర్ణయం తీసుకున్నారంటే వాపసు తలుపు మీరే మూసేసినట్టు. ఆన్‌లైన్‌లో కొన్నప్పుడు పెట్టె, లేబులు పారేయకుండా ఇంట్లో దుప్పటి మీదో, చాప మీదో నడిచి చూడండి. సోలుకు మట్టి గీత పడితే అవతలివాళ్లకు సాకు దొరుకుతుంది. ఒక సైజు పెద్దది తెప్పించి చూసి, అది మడమ దగ్గర జారుతుంటే, అప్పుడు చిన్నదే ఉంచుకుని సాగదీయించడం తెలివైన పని. ఈ క్రమం తిరగబడితేనే నష్టం.

రెండోది చేయి తిరిగిన పనివాడికి ఒకటి రెండు రోజులు వదిలిపెట్టడం. వెడల్పు చాలని తోలు బూటుకు నా ఓటు దీనికే. నా తర్వాతి జోడు, గోధుమరంగు డెర్బీలు, చిటికెన వేళ్ల దగ్గర కరిచాయి. పొడవు సరిగ్గా ఉంది. ఈసారి వాటిని సికింద్రాబాద్ వైపు ఒక చిన్న మరమ్మతు కొట్టుకు తీసుకెళ్లాను. ఆయన చేసిన ప్రతి పనీ పక్కన నిలబడి చూశాను. ముందు అస్తరు లోపల తడిగుడ్డతో తుడిచాడు, పైన నీళ్లు తగలనివ్వలేదు. రెండు ముక్కలుగా ఉండే చెక్క ఫర్మా లోపల పెట్టి, మధ్యలో మర తిప్పుతూ పోయాడు. తోలు బిగిసి, వేలితో కొడితే డప్పులా మోగేదాకా తిప్పి ఆపాడు. సాయంత్రం మళ్లీ అర చుట్టు, మర్నాడు పొద్దున ఇంకో అర చుట్టు. మూడో రోజు తీసిచ్చాడు. నూట యాభై రూపాయలు ఇచ్చాను. ఆ బూట్లు ఇప్పటికీ వేసుకుంటున్నాను.

తీసిన రోజు కాస్త వదులనిపించడం మంచిదే. తోలు ఎంతో కొంత వెనక్కి వస్తుంది, ఆ లెక్క చూసుకునే పనివాళ్లు పిసరు ఎక్కువే తీస్తారు. తెచ్చిన రోజు నుంచీ రెండు మూడు రోజులు వరసగా వేసుకోండి, పెట్టెలో దాచి నెల తర్వాత తీస్తే సాగు సగం పోతుంది.

మూడోది ఫుట్‌పాత్ మీద అప్పటికప్పుడు చేయించుకోవడం. కోఠి, మెహదీపట్నం, దిల్‌సుఖ్‌నగర్, అమీర్‌పేట, ఎక్కడైనా సరే బస్టాపుల దగ్గర గొడుగు కిందో, చెట్టు కిందో కూర్చుని ఈ పని చేసేవాళ్లు కనిపిస్తారు. వాళ్ల దగ్గర ఫర్మా ఉండకపోవచ్చు, ఉంటే ఒకటి రెండు సైజులు ఉంటాయి. కానీ మూడు కాళ్ల ఇనుప దిమ్మ, సుత్తి, ఆరె, అన్నిటికీ మించి చేతి వేళ్లలో తోలు మీద అంచనా ఉంటాయి. లోపల పొడుచుకొచ్చిన కుట్టు ముడి, మేకు మొన, బిరుసు అంచు, ముడతపడి గుచ్చే అస్తరు, ఇలా ఒక్క చోట కరిచే వాటికి వీళ్లే సరి. రెండు రోజుల పనిని మాత్రం అయిదు నిమిషాల్లో చేసివ్వమని తొందర పెట్టకండి. మనం తొందరపెడితే ఆయన నాలుగు దెబ్బలు వేసి ఇవ్వక ఏం చేస్తాడు? ఆ పని నిలవకపోతే తప్పు ఆయనది కాదు. "ఈడ పెట్టి పోర్రి, రేపు పొద్దుగాల రార్రి" అని ఆయనే అంటే సంతోషంగా పెట్టి పొండి, పని తెలిసినవాడు చెప్పే మాట అదే.

నాలుగోది సొంతానికి సాగదీసే మర కొనుక్కోవడం. ఆన్‌లైన్‌లో చెక్కవీ ప్లాస్టిక్‌వీ దొరుకుతాయి. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి వెడల్పు పాదాలుంటే, ఏడాదికి రెండు మూడు జతల తోలు బూట్లు కొనేవాళ్లయితే కొనండి. ఒక్క జోడు కోసమైతే వద్దు. ప్లాస్టిక్‌వి మర దగ్గర విరుగుతాయి, కొంటే చెక్కదే కొనండి. వెడల్పుకూ పొడవుకూ రెండిటికీ అని అమ్మే రకంలో పొడవు మరను మాత్రం నమ్ముకోకండి. అది ముందు ముక్కునూ మడమనూ తోస్తుంది, సోలును కాదు. బూటు పొడవు పెరగదు, మడమ ఆకారం చెడుతుంది.

అయిదోది ఇంటి చిట్కాలు. మందపాటి మేజోళ్లు తొడిగి, బూటు వేసుకుని, బిగుతైన చోట హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబెట్టే పద్ధతి తోలు విషయంలో పనిచేస్తుంది. డ్రయ్యర్‌ను జానెడు దూరంలో పెట్టి, అర నిమిషం కంటే ఎక్కువ ఒకే చోట ఆపకుండా, చల్లారేదాకా బూటు విప్పకుండా ఉంటేనే. మన దగ్గర అమ్మే బూట్లలో చాలా వాటికి సోలు కుట్టి ఉండదు, సొల్యూషన్‌తో అతికించి ఉంటుంది. వేడి ఎక్కువైతే ఆ అతుకు మెత్తబడి నోరు తెరుస్తుంది. మే నెలలో కారు డిక్కీలో బూట్లు వదిలేసినవాళ్లకు ఈ సంగతి తెలిసే ఉంటుంది.

ఫ్రీజరు చిట్కా గురించి చాలామంది చెబుతారు. సంచిలో నీళ్లు పోసి బూటులో పెట్టి గడ్డకట్టిస్తే సాగుతుందని. నీళ్లు గడ్డకడితే తొమ్మిది శాతం దాకా ఉబ్బడం నిజమే. కానీ ఆ ఉబ్బు ఎటు జాగా ఉంటే అటు, అంటే పైన తెరిచి ఉన్న నోటి వైపు పోతుంది, మనకు కావాల్సిన చిటికెన వేలి వైపు పోదు. సంచి చిరిగితే తోలు బూటు లోపలంతా నీళ్లు. దీన్ని వదిలేయండి. తడి కాగితాలు కుక్కడం, ఆలుగడ్డ కోసి పెట్టడం కూడా అంతే, ఎక్కడ ఎంత నొక్కుతున్నామో చేతిలో ఉండదు. స్పిరిట్, శానిటైజర్ లాంటివి తోలును మెత్తబరిచే మాట నిజమే గానీ రంగును కూడా లేపేస్తాయి. చేయాలనుకుంటే నాలుక వెనక ఒక చుక్క వేసి చూసి, బూటు లోపలి వైపు మాత్రమే వాడండి.

ఆరోది, అందరికంటే పాతది, వేసుకుని వేసుకుని సాగదీయడం. బూటు నొక్కుతోంది కానీ కరవడం లేదు అనిపిస్తే ఇదే చాలు. రోజుకు అరగంట ఇంట్లో, వారం పది రోజులు. నొప్పి పెడుతుంటే మాత్రం ఈ దారి కాదు. నొప్పిని ఓర్చుకుంటే తోలు మెత్తబడదు, ఆనెకాయ పుడుతుంది.

ఎవరు దేని జోలికి వెళ్లకూడదు

షుగరు ఉన్నవాళ్ల గురించి ప్రత్యేకంగా చెబుతాను, ఎందుకంటే ఈ విషయంలో పొరపాటు ఖరీదు వేరు. షుగరు ఎక్కువ కాలం ఉంటే పాదాల్లో స్పర్శ మందగిస్తుంది. బూటు కరుస్తున్నా తెలియదు. మామూలు మనిషికి సాయంత్రానికి బొబ్బ తెలుస్తుంది, వాళ్లకు నాలుగు రోజుల తర్వాత మేజోడు మీద తడి చూసి తెలుస్తుంది. అది పుండైతే మానడం కష్టం. అందుకని అమ్మకో నాన్నకో షుగరు ఉంటే "కొత్తది కదా, నాలుగు రోజులు వేసుకుంటే సర్దుకుంటుంది" అన్న మాట మన నోట రాకూడదు. సాగదీయించిన బూటూ వాళ్లకు వద్దు. మొదటి రోజు నుంచే వదులుగా, లోపల కుట్లు తగలకుండా, లోపల సన్నటి గాలి గదులుండే మెత్తటి ఎం.సి.ఆర్. (మైక్రో సెల్యులార్) రబ్బరు అట్టతో ఉండేవి కొనాలి. రోజూ రాత్రి పాదాల కింద, వేళ్ల మధ్య ఎవరో ఒకరు చూడాలి. ఎర్రగా కనిపిస్తే ఆ జోడు అప్పుడే ఆపేసి డాక్టరుకు చూపించాలి.

పిల్లల బూట్లు ఎప్పుడూ సాగదీయించకండి. జూన్‌లో బడి తెరిచేటప్పుడు కొన్నవి దసరాకే బిగుతయ్యాయంటే పాదం పెరిగింది, పొడవులోనే పెరిగింది. పైగా బడి నల్ల బూట్లలో ఎక్కువ భాగం తోలు కాదు. పిల్లలు నొప్పి చెప్పరు, బూట్లు వేసుకోనని పేచీ పెడతారు, పరుగెత్తడం మానేస్తారు. రెండు నెలలకోసారి వాళ్లను కాగితం మీద నిలబెట్టి పెన్సిలుతో పాదం గీసి, పాత గీతతో పోల్చుకుంటే చాలు.

పెళ్లి కోసం కొన్న బూట్ల మాట. శ్రావణమాసంలో పెళ్లి పెట్టుకుని, ముందు రోజు రాత్రి బూటు తొడిగి చూసే పెళ్లికొడుకులు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. ఫర్మాకు మూడు రోజులు, తర్వాత వేసుకుని అలవాటు పడటానికి నాలుగు రోజులు. కనీసం పది రోజుల ముందు తీయండి. వానల్లో తడిపిన అస్తరు ఆరడానికి ఇంకో రోజు ఎక్కువ పడుతుంది, అదీ కలుపుకోండి.

ఇచ్చేటప్పుడు, తీసుకునేటప్పుడు

ఇచ్చేటప్పుడు ఆ బూట్లతో వేసుకునే మేజోళ్లనే వేసుకుని వెళ్లండి. కొట్టులో బూటు తొడిగి, కరిచే చోటు మీద ఆయన వేలు పెట్టించండి. మంచి పనివాడు పైనుంచి నొక్కి ఎముక ఎక్కడుందో తానే పట్టుకుంటాడు. రెండు బూట్లూ ఒకేలా కరుస్తున్నాయా, ఒకటేనా అన్నది చెప్పండి, ఒకటే అయితే రెండోదాన్ని ముట్టుకోవద్దనండి. "ఫర్మా మీద ఎన్ని రోజులు పెడతారు?" అని అడగండి. ఈ ఒక్క ప్రశ్నతో ఎదుటివాళ్లు చేసేది సాగదీయడమో బాదడమో తెలిసిపోతుంది. డబ్బు ముందే మాట్లాడుకోండి, తర్వాత బేరం పెట్టకండి. మూడు వేల జోడును షాపులో నోరెత్తకుండా కొని, దాన్ని వేసుకునేలా చేసిన మనిషి దగ్గర ఇరవై రూపాయలకు గీచిగీచి అడగడం చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది.

తీసుకునేటప్పుడు తొందర వద్దు. సోలు అతుకు చుట్టూ గోరు పెట్టి చూడండి, ఎక్కడైనా విడిచి ఉంటే అక్కడే సొల్యూషన్ పెట్టించండి. వేళ్ల దగ్గర కుట్టు సాగి రంధ్రాలు పెద్దవయ్యాయేమో చూడండి. అక్కడే తొడిగి, లేసులు కట్టి, కొట్టు ముందు ఇరవై అడుగులు అటూ ఇటూ నడవండి. ఇంకా కరుస్తుంటే అప్పుడే చెప్పండి. ఆయన మొహం చిన్నబుచ్చుకోడు, మళ్లీ ఫర్మా తీసి ఇంకో రాత్రి పెట్టుకుంటాడు.